ఇసక ఎక్కడుంది

నేను చెప్పేది నమ్మలేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో నవ్వకూడదు. ఒంటిచేత్తో చుక్కాని పట్టి తుఫాన్లు దాటించినవాణ్ణి నేను. ఆ చెయ్యే ఆనాడు తొందరపడింది.

రంగూను నుంచి కోరంగి రేవుకి ఓడ మీద తిరిగొస్తున్నాం. ముసురు పట్టింది. ఎంత చిక్కటి ముసురంటే, నా తలపాగా తీసి దానికి తగిలిస్తే కింద పడలేదు. సూర్యుడు లేడు, చుక్క లేదు. వెనక తుఫాను తరుముకొస్తోంది. ముందు, ఎంత దూరంలోనో తెలీదు, ఇసకదిబ్బ. ఉత్తరం వైపు నుంచి దాన్ని చుట్టి వెళితే రేవు. ముందే తిప్పామా, రేవు తప్పి తుఫాను నోట్లో పడతాం. ఆలస్యమైతే దిబ్బకి కొట్టుకుని చెక్కలు కూడా మిగలవు.

ఓడ నడిపే పెద్ద, కాశిం సరంగు. ఆయన శిష్యుడు ఎర్రయ్య. మైనం పూసిన సీసపు గుండుని తాడు కట్టి దించితే సముద్రం అడుగు మట్టి అంటుకొస్తుంది. బూడిదరంగులో మెరిస్తే గంగ తెచ్చింది, నల్లగా జిగురుగా ఉంటే గోదావరి తెచ్చింది అని ఎర్రయ్య చూస్తూనే చెప్పేసేవాడు. ఇంక నేర్చుకోడానికేం మిగల్లేదని మా అందరి దగ్గరా అనేవాడు. అది సరంగు చెవిన పడింది.

ఆ పొద్దున సరంగు నన్ను చుక్కాని దగ్గర నిలబెట్టి, ఎప్పుడు తిప్పాలో ఎర్రయ్యనే చెప్పమన్నాడు.

గుండు పైకొచ్చింది. నల్లమట్టి. గోదావరే. కానీ ఒడ్డు ఎంత దూరం? నది తెచ్చిన ఇసక ఒడ్డు దగ్గరే దిగిపోతుంది. మెత్తటి బంకమట్టి ఎక్కడెక్కడికో కొట్టుకుపోయి అప్పుడు దిగుతుంది. ఆ తేడా కంటికి తెలీదు, పంటికి తెలుస్తుంది.

ఎర్రయ్య చిటికెడు నోట్లో వేసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"కరకరలాడుతోంది. ఇసక. తిప్పెయ్యండి."

నా చెయ్యి కదిలింది. సరంగు ఒక్క చూపు చూశాడు. మదపుటేనుగుని నిలేసిన నా చెయ్యి, అక్కడే ఆగిపోయింది.

ఆయన ఎర్రయ్య దగ్గరికి వెళ్ళి అతని గడ్డం గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు చూశాం. ఎర్రయ్య పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కెరటాలు మా తలల మీదుగా పోతున్నాయి. ఆ పళ్ళ చప్పుడు ఆగేదాకా సరంగు చెయ్యి తియ్యలేదు.

"ఇసక మట్టిలో ఉందా ఎర్రా, నీ పళ్ళలో ఉందా?"

ఎర్రయ్య ఇంకో చిటికెడు తీసుకున్నాడు. మెల్లిగా నమిలాడు. తల దించుకున్నాడు.

"వెన్నలా ఉంది. పోనివ్వండి."

పోనిచ్చాం. వెనక ఆకాశం నల్లబడింది. కెరటాలు విరిగే హోరు మొదలైంది, ఏ దిక్కు నుంచో తెలీలేదు. గుండు పైకొచ్చినప్పుడల్లా ఎర్రయ్య కళ్ళు మూసుకుని, తన గడ్డం తనే పట్టుకుని నమిలాడు.

"ఇప్పుడు," అన్నాడు చివరికి. గొంతు పెంచలేదు.

తిప్పాను. ఎడమ పక్క దిబ్బ ఎంత దగ్గరగా జారిపోయిందంటే, చెయ్యి చాపి ఒక పీతని పట్టేవాణ్ణే, చుక్కాని ఒదలకూడదని మానేశాను.

అబద్ధమంటారా? ఇప్పుడు అతనూ సరంగే. ఆనాడు ఏం నేర్చుకున్నావని వెళ్ళి అడగండి. తన గడ్డం తనే పట్టుకుంటాడు. ఉండే ఊరు బలుసుతిప్ప. పేరు ఓలేటి ఎర్రయ్య.