నోరూరుకి నాలుగు టిక్కెట్లు

దొప్పలపాలెంలో ఉన్న తెలివంతా ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, ఆ ఇంట్లోవాళ్ళే అనుకున్నారు. పెద్దవాడు భద్రయ్య, వాడి పెళ్ళాం నూకాలు, తమ్ముడు పేరయ్య. వాళ్ళకో కొత్త గొడుగు ఉండేది. వాన మొదలవగానే గొడుగు తడిసిపోతుందని చొక్కా విప్పి దానికి చుట్టి, చంకలో పెట్టుకుని, తడుస్తూ ఇంటికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. "ఈపాటి తెలివి ఊళ్ళో ఇంకెవరికుందో చెప్పు!" అనేది నూకాలు. ఎవరికీ లేదు. అది నిజమే.

ఈ ముగ్గురి మధ్యా పాపం ఒక మామూలు మనిషి ఇరుక్కుపోయింది. అన్నదమ్ముల తల్లి, అచ్చియ్యమ్మ.

ఆవిడకి జ్వరమొచ్చింది. జ్వరం పోయింది గానీ తిండి మాత్రం సహించడం మానేసింది. గంజి చూస్తే మొహం తిప్పేసేది, అన్నం ముద్ద దగ్గరికి తెస్తే వికారం అనేది. మనిషి చూస్తూ చూస్తూండగానే సగమైపోయింది. కొడుకులకి ప్రాణం కొట్టుకుపోయింది. వాళ్ళకి లేనిది తెలివే గానీ తల్లి మీద ప్రేమ కాదు. వెళ్ళి వైద్యుడు ఆచారిగారిని పిలుచుకొచ్చారు.

ఆచారిగారు నాడి చూసి, నాలిక చూసి, "ఏం లేదర్రా, ఈవిడకి నోరు చచ్చిపోయింది, అంతే" అన్నాడు.

అంతే. భద్రయ్య తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. నూకాలు వీధిలోకి పరిగెత్తి, "మా అత్త నోరు పోయిందర్రోయ్! నిన్నటిదాకా నన్ను తిట్టిన నోరర్రోయ్!" అని శోకాలు పెట్టింది. పేరయ్య కళ్ళు తుడుచుకుంటూ, "ఆచారిగారూ, ఒక్క నోటికే అయితే పాడె ఎంత కట్టాలండీ? చిన్నది సరిపోతుందా?" అని అడిగాడు.

"ఒరేయ్ సన్నాసీ! నేను మాట్లాడుతుంటే నోరు చావడమేమిట్రా?" అంది అచ్చియ్యమ్మ మంచం మీంచి.

"చూశారా, ఇంకా కొన ఊపిరి ఉంది! రక్షించండి బాబూ!" అని భద్రయ్య ఆచారిగారి కాళ్ళు పట్టుకున్నాడు.

ఆచారిగారికి ఇంకా నాలుగిళ్ళు తిరగాల్సిన పనుంది. "మందులేం అక్కర్లేదయ్యా. నోరూరే చోటికి తీసుకెళ్ళండి, ఆవిడే అడిగి తింటుంది. ఇంకెక్కడా బలవంతాన కుక్కకండి. ఈ రెండు మూడు రోజుల్లో కడుపులోకి కాస్త పోయిందా, లేచి తిరుగుతుంది. పోలేదో, మనిషి దక్కదు. తర్వాత నన్నని లాభం లేదు" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఆలోచించారు.

"నెల్లూరు విన్నాను, ఏలూరు విన్నాను. ఈ నోరూరు ఎక్కడుంది చెప్మా?" అన్నాడు భద్రయ్య.

"వదినా, ఏలూరుని నోరూరు అనలేదు కదా ఆయన?" అన్నాడు పేరయ్య.

"అబ్బే. నేను తలుపు పక్కనే ఉన్నాగా. నోరూరే అన్నాడు. నోరూరే అంటే నోరూరు తప్ప ఇంకోటి కాదనేగా!"

ఇంకేముంది. పొద్దున్నే అమ్మకి దుప్పటి కప్పి, చెరో రెక్కా పట్టుకుని రోడ్డెక్కారు. కాకినాడ నుంచి తుని వెళ్ళే బస్సు ఆగితే ఎక్కేశారు.

"నోరూరుకి నాలుగు టిక్కెట్లు" అన్నాడు భద్రయ్య కండక్టర్‌తో.

"నోరూరా? అదెక్కడ?"

"మాకే తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతామండీ? మా అమ్మకి నోరు చచ్చిపోయింది. అక్కడైతేనే తింటుందంట."

కండక్టర్ పడీ పడీ నవ్వాడు. పరాచికాలాడుతున్నారనుకున్నాడు. "అలా చెప్పు మరి! అన్నవరంలో దిగండి. ప్రసాదం విస్తరాకు విప్పగానే చచ్చిన నోరైనా ఊరి తీరుతుంది" అని టిక్కెట్లు చింపిచ్చాడు.

బస్సులో గాలి తగిలింది. కిటికీ పక్క కూర్చున్న అచ్చియ్యమ్మకి ప్రాణం లేచొచ్చింది. అన్నవరంలో దిగి, కొండకి నాలుగు దణ్ణాలు పెట్టుకుని ప్రసాదం కొన్నారు. ఆకు విప్పగానే గోధుమనూక, బెల్లం, నెయ్యి, యాలకుల వాసన గుప్పున కొట్టింది. అచ్చియ్యమ్మ కళ్ళు విప్పారాయి.

"ఒరేయ్ భద్రీ, నాకు నోరూరుతోందిరా!" అంది.

"దగ్గర్లోనే ఉందన్నమాట!" అని భద్రయ్య చుట్టూ చూశాడు. రోడ్డు పక్క బోర్డు మీద అన్నవరం అని ఉంది. "లేదమ్మా, ఇది అన్నవరమే. నోరూరు ఇంకా రాలేదు. కాస్త ఓర్చుకో."

"ఊరు కాదురా నీ మొహం! నోరు! నా నోరు ఊరుతోంది! ఇలా తే!"

"ఆచారిగారు ఇంకెక్కడా పెట్టొద్దన్నారు అత్తా. నువ్వు మాకు దక్కాలి" అంది నూకాలు, నిజంగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుని. ప్రసాదం పారెయ్యకూడదు కదా, ముగ్గురూ కళ్ళకద్దుకుని అక్కడే తినేశారు. వాళ్ళ నోళ్ళు బతికే ఉన్నాయి మరి. ఆకుకి అంటుకున్న నెయ్యి కూడా వదల్లేదు. అచ్చియ్యమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. ఏం చేస్తుంది, చేతులు రెండూ కొడుకుల చేతుల్లో ఉన్నాయి.

మళ్ళీ బస్సెక్కి తుని వైపు పోతుంటే రోడ్డు పక్క ఒక పెద్ద భోజన హోటల్ కనిపించింది. వాకిట్లో జనం, లోపల జనం. వాళ్ళలో ఎవరికో ఒకరికి నోరూరు తెలిసే ఉంటుందని నలుగురూ దిగారు. గుమ్మంలో హోటలాయన చేతులు జోడించి నవ్వుతూ, "రండి రండి బాబూ, మొహమాటం వద్దు. మీ ఇల్లే అనుకోండి" అన్నాడు.

భద్రయ్య తమ్ముడి మొహం చూశాడు. "ఇల్లే అనుకోమన్నాడు."

"పెద్దమనిషి చెప్పాడు, అనుకోకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు పేరయ్య.

అంతే. భద్రయ్య చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. పేరయ్య రెండు బల్లలు దగ్గరికి జరిపి, మీదున్న మంచినీళ్ళ గ్లాసులు కిందపెట్టి, కండువా పరుచుకుని కాళ్ళు చాపాడు. నూకాలు సరాసరి వంటింట్లోకి పోయి, సాంబారు గరిటెతో తిప్పి చూసి, "ఎవరయ్యా ముల్లంగి వేసిందీ? మా ఇంట్లో ముల్లంగి నిషిద్ధం!" అని గుండిగ ఎత్తి తూములో ఒంపేసింది. వంటవాడు నోరు తెరిచి నిలబడ్డాడు. "దొడ్లో కట్టెలు తడుస్తాయి, లోపల పెట్టు, నిలబడతావేం!" అంది వాణ్ణి.

ఈలోపు భద్రయ్యకి హోటల్ నిండా కూర్చుని తింటున్న జనం కనిపించారు. వాడికి ఒళ్ళు మండింది.

"ఎవరర్రా మీరంతా? పిలుపూ లేదు పేరంటం లేదు, మా ఇంట్లో దూరి భోంచేస్తున్నారా? సిగ్గు లేదూ? లేవండి!" అని పప్పన్నం కలుపుకుంటున్న ఒకాయన్ని చెయ్యి పట్టి లేపాడు. ఇంకొకాయన ముందున్న ఆకుని తనే మడిచేశాడు.

హోటలాయన పరుగున వచ్చాడు. "ఏమయ్యా! ఇది నా హోటల్!"

"బాగుందండీ వరస! ఇందాకే మా ఇల్లన్నారు. ఇంతలోనే మాట మార్చేస్తే ఎలా? రిజిస్ట్రీ అయిందనుకున్నాం!"

గొడవలో గొడవ, ఎవరో పుణ్యాత్ముడు అచ్చియ్యమ్మకి ఆకు వేశాడు. ముద్దపప్పు, ఆవకాయ, గరిటెడు నెయ్యి. ఆవిడ గబగబా ముద్ద కలిపింది. పైకెత్తింది. సరిగ్గా అప్పుడే హోటల్ వాళ్ళు నలుగురినీ కలిపి బయటికి గెంటారు. ముద్ద గుమ్మంలో రాలిపోయింది.

"పోనీలే అమ్మా, మంచిదే అయింది. ఇదీ నోరూరు కాదు. నువ్వు పొరపాటున తినేసేదానివి" అని ఓదార్చాడు పేరయ్య. ఆవిడ రాలిన ముద్ద వైపే చూస్తూ రోడ్డెక్కింది.

భద్రయ్య మాత్రం చొక్కా తొడుక్కుంటూ తమ్ముడికీ పెళ్ళానికీ గట్టిగా చెప్పాడు. "బాగా గుర్తుపెట్టుకోండి. హోటల్ వాళ్ళు ఇల్లు ఇల్లు అంటారు. నమ్మకూడదు. ఇంకెవరన్నా ఆ మాట అంటే బుద్ధిగా కూర్చుని, తిని, నోరు మూసుకుని వచ్చెయ్యాలి."

ఎండ నెత్తి మీదికొచ్చింది. నడుస్తున్నారు. అచ్చియ్యమ్మ పొట్ట పట్టుకుని, "ఒరేయ్, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయిరా" అంది.

ముగ్గురూ ఠక్కున ఆగిపోయారు. "ఎలుకలా! ఇన్నాళ్ళూ జ్వరమనుకున్నామే!" అంది నూకాలు. పేరయ్య ఎక్కడికో మాయమైపోయి, ఎవరి పెరట్లోదో నల్లపిల్లిని పట్టుకొచ్చాడు. "అమ్మా, నోరు తెరు. ఇది లోపలికి పోయి పని చూసుకుని వచ్చేస్తుంది." తిట్టడానికి అచ్చియ్యమ్మ నోరు తెరవనే తెరిచింది. పిల్లికి బుద్ధుంది కాబట్టి పేరయ్య మొహం బరికి పారిపోయింది.

తుని ఇంకా రాలేదు. దారిలో ఒక చిన్న తాటాకుల పాక. సూరమ్మ అనే ఆవిడ పెనం మీద పెసరట్లు పోస్తోంది. అల్లం, పచ్చిమిరపకాయ, జీలకర్ర, పైన నెయ్యి. అచ్చియ్యమ్మ కాళ్ళు ఇంక కదలనన్నాయి. పాక ముందు బల్ల మీద కూలబడి, చంటిపిల్లలా ఏడ్చేసింది.

"నేను చచ్చిపోతాన్రా నాయనా! పొద్దుట్నుంచీ నోరూరి నోరూరి గొంతెండిపోయింది. ఒక్క అట్టు పెట్టించరా, నీకు దణ్ణం పెడతాను!"

కొడుకులిద్దరూ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఆవిడకంటే గట్టిగా ఏడ్చారు. "పెట్టాలనే ఉందమ్మా! ఊరు దొరకడం లేదే! ఏం చెయ్యమే!"

సూరమ్మ అట్లకాడ పక్కన పెట్టి, "ఏం తల్లీ, ఏమిటి గోల?" అంది. నూకాలు మొదట్నుంచీ చెప్పింది. సూరమ్మ విన్నది, అచ్చియ్యమ్మ మొహంలోకి చూసింది, వాళ్ళ ముగ్గురి మొహాల్లోకీ చూసింది. చూసి ఇంకేం అడగలేదు. పాక వెనక్కి పోయి, పాత రేకు ముక్క మీద సున్నంతో ఏదో రాసి, తెచ్చి గుంజకి తగిలించింది.

భద్రయ్య కూడబలుక్కున్నాడు. "నో... రూ... రు. ఒరేయ్ తమ్ముడూ! వచ్చేశాం!"

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాం కదన్నయ్యా?"

"మనం ఉన్నాంరా. ఊరే ఇప్పుడొచ్చింది. అందుకే అమ్మ పొద్దుట్నుంచీ నోరూరొస్తోంది, నోరూరొస్తోంది అంటోంది!"

ఇంకేముంది. అచ్చియ్యమ్మ పెసరట్టు తింది. ఉప్మా పెట్టించుకుని తింది. అల్లప్పచ్చడి మళ్ళీ వేయించుకుంది. కాస్త ఆగి, చెమట తుడుచుకుని, ఇంకో అట్టు పొయ్యమంది. మొహంలోకి రక్తం వచ్చింది. కొడుకులు ఆవిడ తింటుంటే పక్కన నిలబడి కండువాలతో విసిరారు. సూరమ్మకి ముగ్గురూ సాష్టాంగపడి, "మీ ఊరు చల్లగా ఉండాలమ్మా" అన్నారు.

బయల్దేరబోతూ అచ్చియ్యమ్మ ఆలోచించింది. తన కొడుకుల సంగతి తనకి తెలుసు. ఇంటికి పోతే రేపట్నుంచి మళ్ళీ పస్తే. అందుకని సూరమ్మ చెవిలో ఓ మాట చెప్పి, ఆ రేకు ముక్క అడిగి పుచ్చుకుని, చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

మర్నాడు దొప్పలపాలెంలో భద్రయ్య స్టూలెక్కి, రేకుని వీధి గుమ్మం పైన మేకులు కొట్టి బిగించాడు. అచ్చియ్యమ్మ కొంగు దోపుకుని తనే పొయ్యి రాజేసింది. చామదుంపల పులుసు, కందిపచ్చడి, వేడి వేడి అన్నం. "కాలవకి పోయి స్నానాలు చేసి రండర్రా, వడ్డిస్తాను" అని ముగ్గుర్నీ పంపింది.

వాళ్ళు స్నానాలు చేసి తిరిగొచ్చారు. వాకిట్లోకొచ్చి తలెత్తారు.

"నోరూరు!" అన్నాడు పేరయ్య.

"అయ్యయ్యో! గట్టు మీద దారి తప్పాం! మన ఊరు వెనకాలే ఎక్కడో ఉండిపోయింది" అన్నాడు భద్రయ్య.

"ఎలాగూ వచ్చాం కదయ్యా, ఓ ముద్ద తినే పోదాం. ఇక్కడ బాగుంటుంది" అంది నూకాలు.

గుమ్మం దగ్గర నిలబడి, "ఏమండీ, భోజనం ఉందాండీ?" అని కేకేశారు.

అచ్చియ్యమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఏం వేషాలురా ఇవి? లోపలికి తగలడండి! మన ఇల్లేగా!"

భద్రయ్య మోచేత్తో తమ్ముణ్ణి పొడిచాడు. "విన్నావా? మళ్ళీ అదే మాట. జాగ్రత్త."

ముగ్గురూ బుద్ధిగా లోపలికెళ్ళి వరసగా కూర్చున్నారు. చొక్కా విప్పలేదు. కాళ్ళు చాపలేదు. పులుసులో ఉప్పు కాస్త తగ్గింది గానీ నూకాలు పెదవి కదపలేదు. "ఒరేయ్ భద్రీ, నేన్రా, మీ అమ్మని!" అని అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎంత మర్యాదో చూడు, కన్నతల్లిలా కొసరి కొసరి పెడుతోంది. పేర్లు కూడా కనుక్కున్నారు" అని పేరయ్య గుసగుసలాడాడు.

చెయ్యి కడుక్కుని భద్రయ్య చేతులు జోడించాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, అచ్చం మా ఇంట్లో తిన్నట్టే ఉంది. ఇంటి దగ్గర మా అమ్మ ఒక్కతే ఉందండీ. మొన్నే జ్వరం నుంచి లేచింది. మేం రాందే ముద్ద ముట్టదు. మీరిది పెట్టారంటే ఎంత సంతోషిస్తుందో. ఆవిడకి ఒక పార్శిల్ కట్టి పెట్టండి."

అచ్చియ్యమ్మ గుమ్మం పైకి చూసింది. ఆ రేకు పీకి పారేద్దామా అనుకుంది. పీకితే వీళ్ళు ఇల్లు చేరతారు, తనకి తిండి ఉండదు. ఉంచితే తనకి తిండి ఉంటుంది, వీళ్ళకి ఇల్లు ఉండదు. ముక్కు చీదుకుని, అరిటాకు కోసి తెచ్చి, అన్నం, పులుసు, పచ్చడి కట్టి కొడుకు చేతిలో పెట్టింది.

వాళ్ళు మూట పట్టుకుని అమ్మ దగ్గరికి బయల్దేరి వెళ్ళారు. సాయంత్రం దాకా వెతుకుతారు, దొప్పలపాలెం దొరకదు. మర్నాడు మధ్యాహ్నానికి ఆకలేసి, మళ్ళీ నోరూరుకే వస్తారు. తిని, చెయ్యి కడుక్కుని, అమ్మకో పార్శిల్ కట్టించుకుని వెళతారు.