గిజిగాళ్ళ వాడకు నక్క కట్టిన ఇల్లు

పొలాల మధ్య ఒక పాత మోటబావి. దాని మీదికి వంగిన తుమ్మకొమ్మకు ముప్పై గిజిగాడి గూళ్ళు వేలాడుతుండేవి. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పిల్లి రాలేదు, నక్క అందుకోలేదు. ఆ వాడకు ఉన్న కష్టమల్లా గాలే. ఆ ఏడు తొలకరి గాలికి రెండు గూళ్ళు తెగి బావిలో పడ్డాయి. ఒకటి చిట్టెయ్యది. అందులో మూడు గుడ్లున్నాయి.

మర్నాడే నక్క పరామర్శకు వచ్చింది. నాలుగు ఓదార్పు మాటలు చెప్పి అసలు సంగతి విప్పింది. ఈ పాత గూళ్ళన్నీ తీసేస్తే, గట్టు మీది రేగుపొదలో అందరికీ కలిపి ఒకే పెద్ద ఇల్లు కట్టిస్తుందట. ఊగదట, తెగదట, కుటుంబానికో గదట. శ్రమంతా తనదేనట. కాకపోతే పాత గూళ్ళు ముందే విప్పేయాలట.

ఒప్పుకున్నవాళ్ళను తల ఊపమంది నక్క. చెట్టు మొదట్లో ఉన్న తొండ ఊపింది. అది ఎండకీ ఊపుతుంది, వానకీ ఊపుతుంది. అయినా నక్క ఏమాత్రం మొహమాటపడకుండా వాడంతా ఒప్పుకుందని ప్రకటించేసింది.

"నాకు అభ్యంతరం ఉంది," అంది నారమ్మ. వాడలో అందరికీ ఆవిడ అత్త.

చిట్టెయ్య గిర్రున తిరిగాడు. "నీ గూడు తెగలేదు కాబట్టి నీకు అభ్యంతరాలుంటాయి అత్తా."

ఆ మాట నారమ్మకు గుచ్చుకుంది. "నిజమేరా అయ్యా. నీ గుడ్లు పోయిన దగ్గర్నుంచి నాకూ గింజ గొంతు దిగడం లేదు. కొత్త ఇల్లు వద్దనను. మన ఆనవాయితీ ప్రకారం కట్టమంటున్నా, అంతే."

గిజిగాళ్ళలో గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి ఆపి ఆడపక్షిని పిలుస్తాడు. అతను లోపల కూర్చుంటే ఆమె చుట్టూ తిరిగి పోగులు లాగి చూస్తుంది. లోపం ఉంటే అక్కడికక్కడే సరిచేయాలి. ఆమె సరేనంటేనే కాపురం. అంతవరకూ పాత గూడు జోలికి ఎవరూ పోరు.

నక్కకు లోపల మండింది గానీ పైకి నవ్వింది. నాలుగు రోజుల్లో జొన్నదంట్లతో, రేగుముళ్ళతో గోడలూ కప్పూ లేపింది. గదులు కట్టడం మాత్రం మిగిలింది. పాము కూడా దూరలేని గోడలని వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంది. నారమ్మ చూసి, గోడలు గట్టివేనని ఒప్పుకుంది. గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది.

"నక్కయ్యా, మా ఒళ్ళు గుప్పెడు. గుమ్మం ఇంత ఎందుకు పెట్టావు?"

"గాలి ఆడాలి కదమ్మా."

"గాలికి చిన్న కంత చాలు. ఇందులో నీ తల సరిగ్గా పడుతుంది."

చిట్టెయ్య గుమ్మం చూశాడు, నక్క మూతి చూశాడు. వెళ్ళి నారమ్మ పక్కన వాలాడు.

అంతమంది ముందు నక్క తడబడలేదు. అదేం పెద్ద లోపం, మీ చేత్తోనే సరిచేసుకోండి అంది. అయితే కట్టినవాడివి నువ్వు లోపల కూర్చోవాలంది నారమ్మ. వాడంతా గుమ్మం దగ్గరకే వస్తుందని లెక్క వేసుకుని, నక్క ఆనందంగా ఒళ్ళు కుదించుకుని లోపలికి దూరి నోరు గుమ్మానికి ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

మగపక్షులన్నీ ఈతాకు పోగులతో దిగాయి. బయటినుంచే అల్లాయి, ఒక్క ముక్కు కూడా లోపలికి రాలేదు. నీడ కదిలినప్పుడల్లా నక్క కొరికేది, ఒక్క ఈక కూడా నోటికి చిక్కేది కాదు. దానికి విషయం అర్థమయ్యేసరికి గుమ్మం గుప్పెడైంది.

"అమ్మా నారమ్మా, ఇందులోంచి నేనెలా రావాలి?"

"ఇది మా ఇల్లని నువ్వే అన్నావు కదా నక్కయ్యా. మాకు సరిపోయింది."

రెండు రోజులు గింజుకుని, తను మెచ్చుకున్న ముళ్ళగోడలోంచే నక్క బయటపడింది. ఒంటి మీది బొచ్చు సగం ఆ పొదకే వదిలి, పొలాలు దాటేదాకా ఆగలేదు.

చిట్టెయ్య మళ్ళీ ఆ తుమ్మకొమ్మకే, ఈసారి రెండింతలు లావు పోగుతో గూడు మొదలుపెట్టాడు. వాడి ఆడపక్షితో పాటు నారమ్మ కూడా దాన్ని గట్టిగా లాగి చూసి సరేనంది.

నీ మంచికే కొత్త ఇల్లు కడతానన్నవాణ్ణి గుమ్మం ఎవరి కొలతకు పెట్టావని అడగాలి, ఆ తర్వాతే పాత ఇల్లు విప్పాలి.