అయిదోనాటి మట్టిపలక

ఉదయం ఆరున్నరకు ముంగిస చెంగమ్మ తన కొట్టం ముందు కూర్చుని బంకమట్టి పిసుకుతోంది.

అది తుమ్మెదల కోన అడవి. అక్కడ దుప్పులు, కుందేళ్లు, ఉడుతలు, ఎలుగుబంట్లు ఉండేవి. సింహం రాజు. రాజుగారి గుహ కాక పనులు ఇచ్చేవాళ్లు ఇద్దరే. చెంగమ్మ దుంపలు తవ్వించేది. ఎలుగుబంటి జాంబయ్య తేనె తీయించేవాడు. అవతలి కొండ కార్చిచ్చులో కాలిపోయాక అక్కడి జంతువులు కూడా పని వెతుక్కుంటూ కోనకు వచ్చాయి.

కోనలో ఒక నియమం ఉంది. కొత్తవాణ్ణి పనిలో పెట్టుకున్న యజమాని మూడో రోజు పొద్దు వాలేలోగా, వాడికి కోనలో పనిచేసే అనుమతి ఉందన్న గుర్తును కళ్లారా చూడాలి. వాగు దగ్గరి కాపలా కొంగలు ఇచ్చిన ఈక అయినా సరే, పుట్టిన గుంపు పెద్ద వేసిన ముద్ర అయినా సరే. ఏది చూపాలన్నది పనివాడి ఇష్టం. చూశాక పచ్చి మట్టిపలక మీద పనివాడి పాదం, పక్కనే యజమాని పాదం నొక్కాలి. పైన నెల గుర్తు వేసి, ఆ రోజు చంద్రుడు ఎంత ఉంటే అంత గీయాలి. పలకను ఆరబెట్టి దాచాలి.

అటుగా వచ్చిన జాంబయ్య ఆగి నవ్వాడు.

"ఏం చెంగమ్మా, పొద్దున్నే బొమ్మరిల్లు కడుతున్నావా?"

"లేదు మామా. నిన్న చేరిన కుందేలుకు పలక చేస్తున్నా. మీవాళ్లకు చేశావా?"

"నా దగ్గర ఉన్నదంతా చుట్టాలు, తెలిసినవాళ్లు. వాళ్లను గుర్తు చూపించమంటే అడవి నవ్వదూ?"

జాంబయ్య ఇంటికి చేరేసరికి గుమ్మంలో అలుగు పెంచలయ్య నిలబడి ఉన్నాడు. కాలిన కొండ నుంచి వచ్చినవాడు. ఒళ్లంతా పెంకులు, చీమలే తిండి. పని అడిగి, తన ఈక చూపించాడు.

"ఈక చాలదు. మీ గుంపు పెద్ద ముద్ర కూడా తే" అన్నాడు జాంబయ్య.

"పెద్దాయన మంటల్లో పోయాడండీ."

"అయితే నువ్వూ పో. ఆ పెంకులు చూస్తేనే నాకు అనుమానం."

పెంచలయ్య చెంగమ్మ దగ్గరికి వెళ్లాడు. "ఒక్క ఈకే ఉందమ్మా" అన్నాడు తల వంచుకుని.

"ఒక్కటే కదయ్యా కావాల్సింది! రేపు పనిలోకి రా. పలక ఎల్లుండి చేద్దాం."

పెంచలయ్య పనిలో చేరాడు. కానీ ఆ రోజే చెంగమ్మకు జ్వరం తగిలింది. లేచి కూర్చునేసరికి అయిదో రోజు. పెంచలయ్య ఈక చూసి, పలక నొక్కించి, ఆనాటి చంద్రుణ్ణే గీసింది. దాని కింద ఇలా రాసింది: "రెండు రోజులు ఆలస్యం. నాకు జ్వరం."

ఆకులు రాలిపోయి ఇప్పచెట్లు మొగ్గ తొడిగాయి. అప్పుడు సింహం చాటింపు వేయించింది. "ఇప్పల మిట్ట మీద పూలు ఏరే హక్కు ఈసారి ఒక్కరికే. మూడు రోజుల తర్వాత కొంగ కోటయ్య పలకలు తనిఖీ చేస్తాడు. నియమం పాటించినవారికే మిట్ట."

వానాకాలమంతా ఎండిన ఇప్పపూలే కోనకు ఆధారం. మిట్ట దక్కకపోతే చెంగమ్మ కొట్టంలో పొయ్యి వెలగదు. ఆమెను నమ్ముకున్నవాళ్లంతా పస్తులుండాలి.

చెంగమ్మ దగ్గర పనిచేసే ఉడుత బుజ్జులు పలకలు తుడుస్తూ అయిదోనాటి పలక దగ్గర ఆగిపోయింది.

"అక్కా, ఈ ఒక్కటి మన కొంప ముంచుతుంది. కాస్త తడిపి చంద్రుణ్ణి సన్నం చేసేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందే. కడుపులు మాడతాయని నాకూ భయమే. అయినా ఆ పలక ముట్టుకోకు."

జాంబయ్య పెరట్లో మాత్రం సందడిగా ఉంది. ఒక్క పలక కూడా లేని జాంబయ్య అందరినీ వరసగా నిలబెట్టి కాళ్లు నొక్కించాడు. పాత నెలల గుర్తులు, పాత చంద్రుళ్లు తనకు తోచినట్టు గీశాడు. "చూశారా! ఏడాది పని ఒక్క పూటలో!" అని మీసం దువ్వాడు.

తనిఖీ రోజు కోటయ్య ముందుగా జాంబయ్య పలకలే చూశాడు. ఒంటికాలి మీద చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దుప్పిని పిలిచాడు.

"నువ్వు ఎప్పుడు చేరావు?"

"మంచు కురిసే నెలలో అయ్యా."

"ఈ గిట్ట ఎప్పుడు విరిగింది?"

"ఆకులు రాలేటప్పుడండీ. బండ మీద జారాను."

కోటయ్య జాంబయ్య వైపు తిరిగాడు. "మంచు నెల పలకలో విరిగిన గిట్ట ఎలా పడింది?"

జాంబయ్య గొంతు సవరించుకున్నాడు. "దానికి... ముందుచూపు ఎక్కువండీ."

అడవి గొల్లుమంది. దుప్పి కూడా నవ్వింది.

కోటయ్య చెంగమ్మ కొట్టానికి వచ్చాడు. ఈక చూపినా జాంబయ్య తనను తరిమాడని పెంచలయ్య ఆయనకు చెప్పాడు. పలకలన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరిదాని దగ్గర ముక్కు ఆగింది. బుజ్జులు కళ్లు మూసుకుంది.

"పెంచలయ్య చేరిన మూడో రోజుకు ఈ చంద్రుడు లావుగా ఉన్నాడేం?"

"ఆలస్యమైందయ్యా. కింద రాశాను."

"మార్చేసి ఉంటే నాకు తెలిసేది కాదేమో."

"అప్పుడు తప్పులు రెండయ్యేవి."

కోటయ్య తల ఊపాడు. "ఆలస్యం తప్పే. జరిమానాగా వాగు గట్టుకు ఒక బుట్ట మట్టి మొయ్యి. దొంగ పలకలకు మాత్రం ఒక్కోదానికి పది బుట్టలు. ఈక చూపినవాణ్ణి తరిమినందుకు మరో ఇరవై. జాంబయ్య ఏడాదిపాటు ఎవరినీ పనిలో పెట్టుకోకూడదు. ఇప్పల మిట్ట చెంగమ్మది!"

కొట్టం కేకలతో దద్దరిల్లింది. చెంగమ్మ అక్కడికక్కడే బుట్ట నెత్తికెత్తుకుని మట్టి మోసి వచ్చింది. మర్నాడు జాంబయ్య పనివాళ్లు ఆమె గుమ్మంలో బారులు తీరారు. చుట్టాలూ కొత్తవాళ్లూ అందరూ ఒకే వరసలో నిలబడి, గుర్తు చూపించి, పలక నొక్కారు.

తెల్లవారగానే మిట్ట పసుపురంగు పూలతో నిండిపోయింది. పూల కోసం పాకివచ్చిన చీమల బారులను పెంచలయ్య నాలుక చాచి ఊడ్చేశాడు. ఎప్పుడూ సగం పూలు చీమల పాలయ్యేవి. ఆ ఏడు ఒక్క పువ్వు పోలేదు. బుట్టలు మోస్తూ పాటలు పాడుతూ అందరూ కొండ దిగారు. గట్టు మీద మట్టి మోస్తున్న జాంబయ్య వాళ్లకు దారి ఇచ్చాడు.

కొన్నాళ్లకు తెలిసిన సంగతి: కోటయ్య మూడో తనిఖీ సింహం గుహలోనే చేశాడు. అక్కడ వంటవాడి పలక లేదు. రాజుగారు తన బుట్ట తానే మోశారు.

నీతి: నియమం చుట్టానికైనా కొత్తవాడికైనా ఒక్కటే; ఒప్పుకున్న ఆలస్యం చిన్న తప్పు, కప్పిపుచ్చిన ఆలస్యం పెద్ద మోసం.