హిమబిందు పెళ్ళి జాకెట్టు

మలికిపాలెం సెంటర్లో భీమలింగం, చిట్టిలింగం అని ఇద్దరు టైలర్లు, అన్నదమ్ములు. ఆ కొట్టుకి బుర్ర మాత్రం భీమలింగం పెళ్ళాం గంగరత్నం. తమంత తెలివైనవాళ్ళు మండలంలో లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. పెద్ద ఫోను కొన్నాక ఆ నమ్మకం మరీ ముదిరింది.

పక్క ఊరి సత్తెన్నగారు కూతురు హిమబిందు పెళ్ళి జాకెట్టు వీళ్ళకి చెప్పారు. "కొలతకి ఆది జాకెట్టు పంపమంటారా?" అన్నారు.

"ఇంకా ఆది ఏంటండీ, పాతకాలంలాగ! ఫోటో పంపండి చాలు" అంది గంగరత్నం.

"ఇది కుదిరితే మా ఊరి పెళ్ళిళ్ళన్నీ మీకే" అన్నారాయన.

ఫోటో వచ్చింది. అంతే, టేపు తీసి ఫోను మీద పెట్టి కొలిచేశారు. భుజం అరంగుళం, చెయ్యి పావంగుళం. రోజంతా కళ్ళు పొడుచుకుని కుట్టి పంపించారు, పాపం.

సత్తెన్నగారు ఫోన్లో ఎగిరిపడ్డారు. "ఇది మా పిల్ల బొటనవేలిక్కూడా పట్టదు! ఎల్లుండే పెళ్ళి! పెద్దది కుట్టండయ్యా!"

"పెద్దది చెయ్యడం నాకొచ్చు" అని చిట్టిలింగం రెండు వేళ్ళతో ఫోటో సాగదీశాడు. ఇంకేముంది, ఫోను నిండా హిమబిందు ముక్కే.

"ముక్కుకి జాకెట్టెలా కుట్టేది వదినా?"

"సత్తెన్నగార్నే అడుగు."

అడిగారు. "ఆ ఫోను అవతల పారేసి, వచ్చి అమ్మాయిని చూసి కొలుచుకోండి!" అని అరిచారాయన.

భీమలింగం వెంటనే ఫోను గోడవతలకి విసిరేశాడు. అది పక్కింటి గేదె కుడితి తొట్లో పడింది. "పెద్దాయన మాట కాదనకూడదు" అన్నాడు తృప్తిగా.

ముగ్గురూ బస్సెక్కి వెళ్ళారు. పెళ్ళివారి వీధి మొదట్లో మూడంతస్తుల ఫ్లెక్సీ. అందులో హిమబిందు నమస్కారం పెట్టి నవ్వుతోంది.

"అయ్యో, మనకోసం ఎండలో నిలబడింది" అంది గంగరత్నం. ఇంకేముంది, నిచ్చెన వేసి టేపుతో కొలుచుకొచ్చారు. కొట్లో ఉన్న పట్టు తానులన్నీ ఖర్చయిపోయాయి.

సరిగ్గా ముహూర్తానికి జాకెట్టు ట్రాలీ ఆటోలో దిగింది. హిమబిందుకి ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది. వాళ్ళ పిన్ని జాకెట్టొకటి అడిగి తొడుక్కుని పీటల మీద కూర్చుంది. వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇదేం జాకెట్టే తల్లీ! దీన్లో పెళ్ళివారంతా పడతారు!"

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. "అందరికోసమని ముందే చెప్పాల్సింది కదండీ!" అంతే, అన్నదమ్ములిద్దరూ జాకెట్టు చెరోపక్కా తెరిచి పట్టుకున్నారు. గంగరత్నం పెళ్ళికొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ముందు మీరు దూరండి అన్నయ్యగారూ. తల కాస్త వంచండి, హుక్కులు జాగ్రత్త."