వస్తాదు కలిపిన పాలు

దర్జీ చెంచయ్యకు ఒక సాయంత్రం హాయిగా అనిపించింది. అతని కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

కొండ కింద తాలింఖానాలో బస్కీలు తీస్తుండగా జరిగింది అది. ఒళ్లంతా చెమట. తొడలు మండుతున్నాయి. రోజూ అయితే ఈపాటికి కొండ మీది ఎండ వైపు ఎన్నోసార్లు చూసేవాడు. ఎండ శిఖరం దాటితే వస్తాదు చాలంటాడు, ఇంటికి పోవచ్చు. ఆ రోజు మాత్రం ఎండ ఎప్పుడు దాటిపోయిందో అతను చూడలేదు. ఒళ్లు తేలికైంది. గొంతులో సన్నగా ఒక కూనిరాగం మొదలైంది.

చెంచయ్య ఠక్కున ఆగిపోయాడు.

ఈ తేలిక అతనికి కొత్త కాదు. ఏళ్ల తరబడి కల్లుపాకలో కూర్చుని, రెండో ముంత దించాక, అచ్చం ఇలాగే ఉండేది. ఇంకే విధంగానూ అతనికి ఇలా అనిపించిన గుర్తు లేదు.

కల్లు మానేసి ఏడాది కావస్తోంది. భార్య పేరమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఒట్టు తప్పితే ఆ కీడు ఎవరి తల మీద చెయ్యి పెట్టామో వాళ్లకే తగులుతుందని అతని నమ్మకం. అందుకే కల్లుపాక వీధిలో నడవడం కూడా మానేశాడు.

మానేశాక సాయంత్రాలు గడవలేదు. మిషను ముందు కూర్చుంటే చేతులు వణికేవి, కుట్టు వంకర పోయేది. కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది. ఎవరో చెబితే ఖాజా వస్తాదు దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాడు. ముసలి వస్తాదు ఒక్కటే అడిగాడు.

"కల్లుపాకకు ఏ వేళకు పొయ్యేవాడివి?"

"పొద్దు వాలేటప్పుడు."

"ఆ వేళకే ఇక్కడికి రా."

వచ్చాడు. కుస్తీ పట్టే గోదాలోని మట్టి పారతో తిరగేశాడు. దిగేముందు ఎవరి వంతు మట్టి వాళ్లు తిరగెయ్యడం అక్కడి ఆచారం. దండీలు తీశాడు, బస్కీలు తీశాడు. ఏదీ అతనికి రుచించలేదు. చేదు మందు మింగినట్టు చేసి ఇంటికి పోయేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ చేస్తుంటే అతనికి ఒళ్లు మండేది.

"వీళ్లకేదో సరదాగా ఉంది వస్తాదు గారూ. నాకెందుకు రావటం లేదు?" అని ఒకసారి అడిగాడు.

"అది వచ్చినప్పుడు వస్తుంది. నువ్వు మాత్రం రోజూ రా," అన్నాడు వస్తాదు.

తీరా అది వచ్చేసరికి చెంచయ్యకు గుండె జారిపోయింది.

తాలీము అయ్యాక వస్తాదు స్వయంగా అందరికీ పాలు పోస్తాడు. బాదంపప్పు, గసగసాలు రుబ్బి కలిపిన పాలు. వెనక గదిలో తలుపు దగ్గరికి వేసుకుని ఆయనే రుబ్బుతాడు, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వడు. ఇంతకాలం చెంచయ్య ఆ పాలు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడే గానీ ఆలోచించలేదు. ఆ సాయంత్రం లోటా చేతిలో పట్టుకుని ఆలోచించాడు. గసగసాలు ఏ కాయలోంచి వస్తాయి? నల్లమందు ఏ కాయలోంచి వస్తుంది? రోజూ తాగినది ఒంట్లో చేరి ఇప్పుడు పైకి తేలిందా?

తాగకుండా పారబోద్దామంటే వస్తాదు ఎదురుగా ఉన్నాడు. తాగేశాడు.

ఇంటికి పోతూ ఆ కూనిరాగం ఆపాలని చూశాడు. అది ఆగలేదు.

పేరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడు ఇంట్లోకి రాగానే ముఖం దగ్గరగా పెట్టి వాసన చూడటం ఆమెకు అలవాటైపోయింది. అతనూ తప్పు పట్టడు, నోరు తెరిచి నిలబడతాడు. ఆ రోజు వాసన ఏమీ లేదు. అయినా ఆమె పక్కకు తప్పుకోలేదు.

"ఏందయ్యా, పాడుకుంటా వస్తుండావు?"

"ఊరికే."

"ఊరికే పాడే మనిషివి కాదు నువ్వు. వాసన రానివి కూడా ఉంటాయంట." తల ముందుకు వంచింది. "చెయ్యి పెట్టి చెప్పు, ఏమీ తాగలేదని."

చెంచయ్య చెయ్యి లేచింది. సగం దూరంలో ఆగింది. ఆ పాలలో ఏముందో తనకేం తెలుసు? తెలియకుండా ఒట్టు వేస్తే ఈమె ఏమైపోతుంది? చెయ్యి దించేశాడు.

పేరమ్మ లోపలికి పోయి రేకుపెట్టె మంచం కింద నుంచి లాగింది.

"మా ఊరి బస్సు వారానికొక్కసారే అని ఆగుతుండా. శనివారం తెల్లారి బస్సుకు మా అన్న దగ్గరికి పోతా," అంది.

మర్నాడు చెంచయ్య కొట్టు ముందుగానే మూసి తాలింఖానాకు పోయాడు. చెప్పులు బయట వదిలి, పిల్లిలా నడిచి, వెనక గది తలుపు సందులోంచి చూశాడు. వస్తాదు రుబ్బుతున్నాడు. రుబ్బడం అయ్యాక అటూ ఇటూ చూశాడు. నడుముకు కట్టిన గుడ్డ ముడి విప్పి నల్లటి ముద్ద ఒకటి తీశాడు. గోటితో కొంచెం విరిచి పాలకుండలో వేసి, ఇంకొంచెం విరిచి తన నోట్లో వేసుకున్నాడు. మళ్లీ ముడి బిగించాడు.

చెంచయ్య తలుపు వదిలి వెనక్కి జరిగాడు. ఇంతకాలం తండ్రిలా నమ్మిన మనిషి.

ఆ రోజు కూడా దండీలు తీశాడు. పాలు పోసే వేళకు మాత్రం లోటా నేల మీద పెట్టేశాడు.

"నేను తాగను. ఇందులో నల్లమందు ఉంది. ఆ ముద్ద నా కళ్లతో చూశాను."

వస్తాదుకు కోపం వస్తుందని అందరూ అనుకున్నారు. వస్తాదు మాత్రం కుండ రెండు చేతులతో ఎత్తి, ఉన్న పాలన్నీ గోదాలో పారబోశాడు. పార తీసుకుని మట్టి తిరగేశాడు. ఆ రోజు ఎవరికీ పాలు లేవు. అందరూ చెంచయ్యను కొరకొరా చూసుకుంటూ ఇంటికి పోయారు.

"రేపు వస్తావా?" అని మాత్రం అడిగాడు వస్తాదు.

పోకూడదనుకుంటూనే పోయాడు. పాలు లేకుండా ఏమవుతుందో తేల్చుకోవాలని పోయాడు. మట్టి తిరగేసి దండీలు మొదలుపెట్టాడు. కాసేపటికి చెమట పట్టింది. ఇంకాసేపటికి అదే తేలిక, పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంది. నిన్న పాలు తాగకపోయినా వచ్చింది.

చెంచయ్య సంబరపడబోయాడు. అంతలో తన చేతుల వంక చూసుకున్నాడు. మోచేతుల దాకా మట్టి. గుండెల మీద మట్టి. నిన్న పారబోసిన పాలన్నీ ఈ మట్టిలోనే ఉన్నాయి. ఒంటికి నూనె రాస్తే ఒళ్లు తాగదా? మరి ఇది తాగదా?

ఆ మాటే వస్తాదు దగ్గరికి పోయి చెప్పాడు. వెనక నలుగురు పడీ పడీ నవ్వారు. వస్తాదు నవ్వలేదు.

"అదీ నిజమే," అన్నాడు. "రేపు ఇక్కడికి రావద్దు. మీ ఇంటి పెరట్లో చెయ్యి. నీ భార్య ఇచ్చిన నీళ్లు తప్ప ఏమీ తాగొద్దు."

"అక్కడ రాకపోతే?"

"రాకపోతే నేను దొంగను."

గురువారం సాయంత్రం చెంచయ్య పెరట్లో రాళ్లు ఏరి పక్కన పోశాడు. పేరమ్మ మెట్టు మీద చేట పెట్టుకుని బియ్యం బాగు చేస్తోంది. కళ్లు చేట మీద లేవు. అవతల గదిలో రేకుపెట్టె సగం సర్ది ఉంది.

ముందు చాలా బరువుగా అనిపించింది. పక్కన తోడు లేదు, నవ్వులు లేవు, మెత్తటి మట్టి లేదు. అరచేతులకు గరుకు నేల గుచ్చుకుంటోంది. ఇక్కడ రాదు, అనుకున్నాడు. అంటే ఆయన దొంగే. అంటే ఒట్టు తప్పినట్టే. పేరమ్మ వంక చూశాడు. ఆమె దగ్గింది. ఉత్త బియ్యపు దుమ్ముకే దగ్గింది గానీ, చెంచయ్యకు ఒళ్లు జలదరించింది.

లేచి నీళ్లు అడిగాడు. తెచ్చి ఇచ్చింది. తాగి మళ్లీ మొదలుపెట్టాడు. చేసినకొద్దీ భయం వెనకబడింది. ఊపిరి లోపలికీ బయటికీ పోతోంది, నడుము లేస్తోంది, వాలుతోంది. పక్కింటి పెరట్లో ఎవరో రోలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు బాగుందనిపించింది. అంతలో గొంతులో ఆ రాగం మొదలైంది.

చెంచయ్య నేల మీదే బోర్లా పడుకుండిపోయాడు. ఎవరిని అనుమానించాలా అని వెతికాడు. నీళ్లు పేరమ్మ ఇచ్చింది. నేల తనది. చెమట తనది. ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు. ఉన్నట్టుండి నవ్వు వచ్చింది.

పేరమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"నా కళ్ల ముందే ఉండావు. ఏం తాగావయ్యా?"

"నువ్విచ్చిన నీళ్లు."

ఆమె అతని ముందు నేల మీద కూర్చుని తల వంచింది. చెంచయ్య మట్టి చెయ్యి లంగోటీకి తుడుచుకుని ఆమె పాపిట మీద పెట్టాడు. ఈసారి చెయ్యి సగంలో ఆగలేదు.

"నేను తాగలేదు పేరమ్మా."

ఆమె చాలాసేపు ఆ చెయ్యి తీయనివ్వలేదు. తర్వాత లేచి, "చెమట కంపు కొడుతుండావు, పోయి నీళ్లు పోసుకో," అని లోపలికి పోయింది. రేకుపెట్టె మంచం కిందికి తోసిన చప్పుడు అయింది. చెంచయ్య కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దు వాలకముందే తాలింఖానా గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినిపించి వస్తాదు బయటికి వచ్చాడు.

"ఇవాళ శుక్రవారం. తాలీము లేదు," అన్నాడు.

"తెలుసు," అన్నాడు చెంచయ్య.

వస్తాదు అతన్ని ఎగాదిగా చూశాడు. దగ్గరికి వచ్చి, ముక్కు చెంచయ్య నోటి దగ్గర పెట్టి గట్టిగా వాసన పీల్చాడు.

"సెలవు రోజు వచ్చావు. ఏం తాగొచ్చావురా?"

చెంచయ్య తల దించుకున్నాడు. గోడకు ఆనించిన పార తీసుకుని గోదాలోకి దిగాడు.

వస్తాదు గట్టు మీద కూర్చున్నాడు. నడుము ముడి విప్పి నల్లటి ముద్ద తీశాడు. రెండుగా విరిచి ఒక ముక్క తన బోసినోట్లో వేసుకున్నాడు. రెండోది చాచి పట్టుకున్నాడు. చెంచయ్య వచ్చి అందుకుని, దాని వంక చూడకుండానే నోట్లో వేసుకున్నాడు. తాటిబెల్లం.

"పాలలో ఇంకా ఏమేం వేస్తానో అడగవా?" అన్నాడు వస్తాదు.

చెంచయ్య అప్పటికే వెనక్కి తిరిగి పార ఎత్తాడు.

"తర్వాత అడుగుతా వస్తాదు గారూ," అన్నాడు. "పొద్దు వాలిపోతోంది."