గొంగడి ముడి

లింబాద్రి గొంగడి కప్పుకోక అది మూడో చలికాలం.

తునికిపాడు ప్రాజెక్టులో చేపలు పట్టేవాళ్లకి పుష్యమాసం అంటే భయం. చుట్టూ అడవి. నీళ్ల మీద నుంచి వచ్చే గాలి తిన్నగా ఎముకల్లోకి దిగుతుంది. అందుకే తెల్లవారాక వలలు తీయడానికి పోయేవాళ్లు ముందే అన్నీ చూసుకుంటారు. గుండ్రటి బుట్టపడవలాంటి పుట్టి అడుగున వరిగడ్డి మందంగా పరుస్తారు. చేతులకీ పాదాలకీ నువ్వుల నూనె రాసుకుంటారు. పగిలిన కుండలో తడి ఇసుక పోసి, దాని మీద నిప్పులు వేసి, కాళ్ల మధ్య పెట్టుకుంటారు. తడిస్తే మార్చుకోవడానికి ఒక పొడి పంచె మూటకట్టి ఉంచుకుంటారు. ఇక అన్నిటికీ పైన గొంగడి. ఎంత లేనివాడికైనా ఆ ఊళ్లో గొంగడి ఉంటుంది.

లింబాద్రి ఒక్క బనీనుతో పోయేవాడు. గడ్డి లేదు, నూనె లేదు, నిప్పు లేదు. ఒడ్డుకు వచ్చాక మిగతావాళ్లు చలిమంట చుట్టూ చేరితే, తను దూరంగా ఒక రాయి మీద కూర్చుని వల విదిలించుకునేవాడు. పాదాలు నెర్రెలు విచ్చాయి. కుడిచేతి చివరి రెండు వేళ్లకి స్పర్శ పోయింది. రాత్రిళ్లు అరుగు మీద, వట్టి బండ మీదే పడుకునేవాడు.

ఊళ్లో మొదటి ఏడు జాలిపడ్డారు. రెండో ఏడు తపస్సు అన్నారు. ఒకరిద్దరు ఎదురైతే చేతులు కూడా జోడించారు. ఆ దండాలు అతనికి బొత్తిగా చేదుగా ఉండేవని చెప్పలేం. కానీ అవి పెట్టించుకున్న రోజున అన్నం మాత్రం సయించేది కాదు.

జరిగింది అందరికీ తెలుసు.

మూడేళ్ల కిందట ఇలాగే పుష్యమాసంలో అన్నదమ్ములిద్దరూ ఒకే పుట్టిలో వల తీయడానికి పోయారు. తమ్ముడు గంగన్నకి ఇరవై రెండేళ్లు. ఆ పూట తన గొంగడి ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. నీళ్ల మధ్యకు పోయేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"అన్నా, సలి పెడుతుంది" అన్నాడు.

లింబాద్రి తన గొంగడి తీసి తమ్ముడికి కప్పాడు. వల లాగడానికి చేతులు ఖాళీగా ఉండాలి కదా, గొంగడి జారిపోతోంది. అందుకని రెండు కొంగులూ ఛాతీ మీదికి తెచ్చి, వలతాడు ముక్కతో గట్టిగా ముడి వేశాడు. "ఇగ సప్పుడు చేయకుండ గుంజు" అని నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు.

ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయిన అడవి ఇంకా అడుగున ఉంది. చెట్ల మోళ్లు ఉన్నాయి. వల ఒక మోడుకు తట్టుకుంది. ఇద్దరూ ఒకే పక్కకు వంగి లాగారు. పుట్టి తిరగబడింది.

ఇద్దరిలో బాగా ఈతొచ్చినవాడు గంగన్నే. కానీ ఉన్ని నీళ్లు తాగింది. లింబాద్రి పైకి తేలాడు. తమ్ముడు తేలలేదు. మూడుసార్లు మునిగి వెతికాడు. సాయంత్రానికి జాలర్లు అందరూ కలిసి బయటికి తీశారు. తడిసి బిగుసుకున్న ముడి విప్పడం ఎవరి వల్లా కాలేదు. కత్తితో కోశారు.

తల్లి రాజవ్వ అక్కడే ఉంది. కోసిన తాడునీ, గొంగడినీ చూసింది. పెద్దకొడుకు గొంగడి ఆమెకు తెలుసు, అంచు కుట్టింది ఆమే. గుండెలు బాదుకుని ఏడ్చింది గానీ, గొంగడి గురించి ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే లింబాద్రిని తినేసింది. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నాడో.

ప్రాజెక్టు గట్టు మీద ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే ముసలి ఫకీరు మదార్ సాయి. డెబ్బై దాటిన మనిషి. తాయెత్తులు కట్టడు, జోస్యాలు చెప్పడు. ఎవరైనా వస్తే కూర్చోబెట్టి నల్ల చాయ పోస్తాడు. తమ్ముడు పోయిన ఏడాదే లింబాద్రి ఆయన దగ్గరికి చేరాడు. వాకిలి ఊడ్చేవాడు, నీళ్లు మోసేవాడు, సాయంత్రాలు కాళ్ల దగ్గర కూర్చునేవాడు. తన కథంతా చెప్పుకున్నాడు. సాయి విన్నాడు. చాయ పోశాడు.

ఆ మూడో చలికాలంలో ఒక సాయంత్రం లింబాద్రి ఉండబట్టలేక అడిగాడు.

"సాయీ, ఇంకెన్ని చలికాలాలు?"

సాయి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"దేనికి?"

"నా తప్పు పోవాలంటే. మూడేండ్ల సంది సలి పడుతున్న. ఒక్కపూట నిప్పు కాడ కూసోలె. ఇంకెంత పడితే తీరుతది?"

సాయి చేతిలోని కాయ ఈనె తీసి, గిన్నెలో వేశాడు.

"రేపు పొద్దుగాల నన్ను నీ పుట్టిల తీస్కపో" అన్నాడు.

మర్నాడు వెలుగు వచ్చేసరికి సాయి ఒడ్డున నిలబడి ఉన్నాడు. లుంగీ, పైన పల్చటి చొక్కా. తలకు టోపీ లేదు. ఎప్పుడూ భుజాన ఉండే కంబళీ లేదు. కాళ్లకు చెప్పులు లేవు.

లింబాద్రి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"సాయీ, కంబళి ఏది?"

"నువ్వు కప్పుకున్నవా?"

"నా ముచ్చట వేరు."

"ఎట్ల వేరు?" అన్నాడు సాయి. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. లింబాద్రి తెడ్డు అందుకున్నాడు. ముసలాయన పుట్టి ఎక్కి, తడి అడుగు మీద గొంతుక్కూర్చున్నాడు.

మంచు ఎంత దట్టంగా ఉందంటే, తెడ్డు వేసిన చోట నీళ్లు కూడా సరిగ్గా కనబడటం లేదు. కొంత దూరం పోయేసరికి సాయి భుజాలు వణకడం మొదలైంది. తర్వాత గడ్డం. మొదటి వల దగ్గరికి చేరేసరికి ఒళ్లంతా వణుకుతోంది. పుట్టి అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

"వాపస్ పోదాం సాయీ."

"వల తియ్యి."

లింబాద్రి వల లాగాడు. రెండు జెల్లలు, ఒక బొచ్చె పడ్డాయి. వాటిని విడిపిస్తున్నాడు గానీ కళ్లు ముసలాయన మీదే ఉన్నాయి. వలలోంచి కారిన చన్నీళ్లు పుట్టి అడుగున చేరి సాయి పాదాల చుట్టూ నిలిచాయి. సాయి కాళ్లు తీయలేదు. తీయడానికి చోటూ లేదు.

రెండో వల దగ్గరికి పోతుంటే సాయి దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. ఆగినప్పుడు పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"సాయీ, నీ కాళ్లు మొక్కుత. వాపస్ పోదాం. నువ్వు ఆగలేవు."

"నువ్వు ఆగుతున్నవు గద."

"నేను వయసుల ఉన్న! నాకు అలవాటయింది! అయినా నేను పడవలసినోన్ని, నువ్వెందుకు పడాలె?"

సాయి అతని ముఖంలోకి చూశాడు. ఏదో బోధ చేస్తాడని లింబాద్రి అనుకున్నాడు. కానీ ఆ ముసలి ముఖంలో బోధ ఏమీ లేదు. వట్టి చలి ఉంది.

"సలి పెడుతుంది లింబాద్రీ" అన్నాడు సాయి.

లింబాద్రి చేతిలోని తెడ్డు ఆగిపోయింది.

మంచులోంచి దగ్గు విని ఇంకో పుట్టి దగ్గరికి వచ్చింది. భూమన్నది. అతనూ జాలరే, లింబాద్రి ఇంటి పక్కవాడు. ముసలాయన్ని చూసి అదిరిపోయాడు.

"ఓరి నీ తపస్సు మన్నుబడ! ముసలాయన్ని సంపుతవారా?" అని అరిచి, తన ఒంటి మీది గొంగడి లాగి ఇవతలి పుట్టిలోకి విసిరాడు. "కప్పు! జల్ది కప్పు!"

గొంగడి లింబాద్రి ఒళ్లో పడింది. భూమన్న ఒంటి వెచ్చదనం ఇంకా దానిలో ఉంది. పొగ వాసన, ఉన్ని వాసన. మూడేళ్లుగా అతను ఏ గొంగడీ ముట్టలేదు. చేతులు దాని మీద పెట్టి, ఎత్తలేక, అలాగే కూర్చుండిపోయాడు.

సాయి అడగలేదు. తనకై తాను అందుకోనూ లేదు. వణుకుతూ కూర్చున్నాడు.

లింబాద్రి లేచాడు. పుట్టి ఊగింది. మోకాళ్ల మీద జరుగుతూ పోయి ముసలాయన భుజాల మీద గొంగడి కప్పాడు. ఆయన వణుకుకు అది ఒక పక్కకు జారింది. మళ్లీ కప్పాడు. మళ్లీ జారింది.

"ముడి వెయ్యి" అన్నాడు సాయి.

"వెయ్య."

"నిలుస్తలేదు."

"నేను వెయ్య సాయీ! ఈ నీళ్ల మీద నాతోని కాదు!"

"నా చేతులు వంగుతలెవ్వు" అన్నాడు సాయి. అది నిజం. వేళ్లు కొయ్యముక్కల్లా ఉన్నాయి.

భూమన్న తన పుట్టిని వీళ్ల పుట్టికి ఆనించి పట్టుకున్నాడు. లింబాద్రి రెండు కొంగులూ ముసలాయన ఛాతీ మీదికి తెచ్చాడు. స్పర్శ లేని వేళ్లతో ముడి వేశాడు. ఒకసారి జారింది. రెండోసారి నిలిచింది. అప్పుడు అతని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మూడేళ్ల కిందట ఒడ్డు మీద అందరూ ఏడుస్తుంటే అతనికి రాని ఏడుపు అది.

ఒడ్డు దాకా ఒంటిచేత్తో తెడ్డు వేశాడు. రెండో చెయ్యి ముడి మీదే ఉంచాడు. ఒంటిచేత్తో నడిపితే పుట్టి సూటిగా పోదు, గిరగిరా తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూనే పోయింది. భూమన్న పక్కనే వచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

ఒడ్డున భూమన్న గడ్డి, పుల్లలు పోగేసి మంట పెట్టాడు. సాయిని దగ్గరగా కూర్చోబెట్టారు. లింబాద్రి ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని అరచేతులతో రుద్దాడు. రుద్దుతూ తనూ మంట పక్కనే కూర్చున్న సంగతి అతనికి చాలాసేపటి దాకా తట్టలేదు.

సాయి పెదాలకు రంగు వచ్చాక లింబాద్రి అడిగాడు.

"గిట్ల ఎందుకు చేసినవ్ సాయీ? నీకేమన్న అయితే?"

సాయి దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"మీ అవ్వ ఏం కప్పుకుంటుంది?" అని అడిగాడు.

లింబాద్రికి తెలియదు. మూడేళ్లుగా అతను చీకటి ఉండగానే లేచి ఒడ్డుకు పోయేవాడు. రాత్రి అరుగు మీద పడుకునేవాడు. ఇంటి లోపల తల్లి ఎలా పడుకుంటుందో ఒక్కరోజూ తొంగిచూడలేదు.

"పో" అన్నాడు సాయి.

ఇంటికి పోయేసరికి బాగా పొద్దెక్కింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చీకటి, బయటి కంటే ఎక్కువ చలి. రాజవ్వ గోడకు ఆనుకుని, పాత నేతచీర కొంగు రెండు మడతలు భుజాల మీద వేసుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చుంది. దండెం మీద గొంగళ్లు లేవు. పొయ్యిలో బూడిద తడిగా ఉంది. వంట కాగానే నీళ్లు చల్లి ఆర్పేసినట్టు తెలుస్తోంది.

"అవ్వా, గొంగళ్లు ఏవి?"

"ఎవలకో ఇచ్చిన."

"ఎప్పుడు?"

"అప్పుడే" అంది రాజవ్వ. "నువ్వు బయట బండ మీద పంటుంటే నేను లోపల ఎచ్చగ ఎట్ల పంటరా?"

లింబాద్రి పొయ్యి ముందు కూలబడ్డాడు. తడి బూడిద చేతులతో ఎత్తి పక్కకు పోశాడు. పెరట్లోంచి ఎండుపుల్లలు తెచ్చాడు. వేళ్లు సరిగ్గా పనిచేయక నాలుగు అగ్గిపుల్లలు విరిగాయి. ఐదోది అంటుకుంది. మంట లేచేదాకా ఊదాడు. తర్వాత తల్లిని లేపి, నడిపించి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె చేతులు పట్టుకుంటే చేపల్లా చల్లగా ఉన్నాయి.

మంటను చూస్తూనే లింబాద్రి అన్నాడు.

"అవ్వా, ఆ పొద్దు గొంగడి నేనే కప్పిన."

"ఎరికే."

"ముడి గూడ నేనే ఏసిన. గట్టిగ ఏసిన."

రాజవ్వ కళ్లలో నీళ్లు నిండి, ముడతల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

"వానికి పుట్టినకాడికెల్లి సలి ఎక్కువ" అంది. "పాలు తాగే పిల్లగాడప్పుడే నా కడుపుల తల దూర్చి పంటుండె. ఆ పొద్దు గొంగడి ఇడిసిపెట్టి పోయిండని చూసి, నేను కట్ట దాక ఉరికొచ్చిన. అప్పటికే మీ పుట్టి దూరం పోయింది. పెద్దోడున్నడు గద, కప్పుతడు తీయ్ అనుకుని మర్లొచ్చిన."

లింబాద్రి తల ఎత్తి ఆమెను చూశాడు.

"నువ్వు కప్పకుంట తీస్కొచ్చినవనుకో, ఇంటికొచ్చినంక నిన్నే తిడుతుంటి" అంది రాజవ్వ.

బయట ఎండ వాకిట్లోకి వచ్చింది. పుల్ల ఒకటి చిటపటమని విరిగి, నిప్పులు పక్కకు జారాయి. రాజవ్వ వాటిని కర్రతో లోపలికి తోసింది. కొడుకు పగిలిన పాదాల వైపు చూసింది.

"ఇటు జరుగు" అంది. "కాళ్లు మంట దిక్కు పెట్టు."

లింబాద్రి జరిగాడు.