రాతిమీద ఒక్క మాట

ఒకానొక రాజ్యంలో రాజు కన్నా పెద్దది ఒక రాయి ఉండేది. వయసులో అంటున్నాను. కోటవాకిట నిలబెట్టిన ఆ శాసనం మీద రాజుగారి ముత్తాత చెక్కించిన వాక్యం ఒక్కటే: 'విచారణ లేక ఎవరినీ శిక్షింపరాదు.'

రణధీర భూపతికి బిరుదులు ముప్ఫై రెండు. అవన్నీ చదివితే గాని కొలువు మొదలయ్యేది కాదు. అంతటి దొర ఊరి కాలువను తన పూలతోటకు మళ్లించుకున్నాడని ఓబులేసు అనే రైతు సంతలో పైకే అన్నాడు. మర్నాడే వాణ్ణి చెరలో వేసి, నాలుక కోయమని ఆజ్ఞ అయింది. నువ్వేమన్నావురా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇది చెప్పేటప్పుడు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఓబులేసు భార్య ఎర్రక్క వచ్చి ఆ రాయిని పట్టుకుని కూర్చుంది. భటులు లేవమన్నా లేవలేదు. ఆమెకు చదువు రాదు గాని, అందులో ఏముందో తెలుసు.

రాయి అడ్డమొచ్చేసరికి రాజు, శాసనాలు రాసే రాయసం పేరయ్యను, ఒక శిల్పిని వెంటబెట్టుకుని తానే కోటవాకిటికి వచ్చాడు. పాత వాక్యం చెరిపి కొత్తది రాయమన్నాడు. పేరయ్య జేగురు రంగుతో రాస్తే, దాని మీద శిల్పి ఉలి వేయాలి.

పేరయ్య పాత అక్షరాల కింద ఎర్రగా రాశాడు: 'విచారణ లేక ఎవరినైనా శిక్షింపవచ్చు.'

రాజు మురిసిపోయి, ఇక చెక్కించమన్నాడు.

"ప్రభూ, ఎవరు శిక్షింపవచ్చో ఇందులో లేదు. రేపు ఈ ఎర్రక్క తమరిని శిక్షించినా శాసనం ఒప్పుకుంటుంది" అన్నాడు పేరయ్య.

రాజు ముఖం ముడుచుకుని, 'రాజు' అని చేర్చమన్నాడు. పేరయ్య చేయి కదల్లేదు.

"ఏ రాజు, ప్రభూ? తమరి పేరే చెక్కితే తమరితోనే చెల్లిపోతుంది. వంశం పేరు చెక్కితే, తమరి దాయాదులదీ ఆ వంశమే. వాళ్లలో ఎవరు గద్దె ఎక్కినా, 'ఎవరినైనా' అన్న మాటలో తమరి బిడ్డ కూడా ఉంటాడు. అప్పుడు ఆ బిడ్డ ఏ రాయిని పట్టుకుని కూర్చోవాలి?"

రాజు అప్పుడు చూశాడు ఎర్రక్క వైపు. తర్వాత ఓబులేసును అక్కడికే రప్పించి, చెప్పిందంతా విన్నాడు. విన్నాక కాదనడానికి ఏమీ మిగల్లేదు. వాణ్ణి విడిపించి, కాలువను ఊరికి వదిలిపెట్టమన్నాడు.

పేరయ్యను ఏం కావాలో కోరుకోమన్నాడు. పేరయ్య ఎర్ర రాతంతా తుడిచేసి, పాత వాక్యంలో ఒక్క మాట చేర్చడానికి సెలవడిగాడు. సెలవయ్యాక రాశాడు: 'విచారణ లేక రాజైనా ఎవరినీ శిక్షింపరాదు.'

చదివి రాజు నవ్వాడు, కొంచెం కష్టంగానే.

"చెరపమని పిలిస్తే పొడిగించావు కదయ్యా" అని మెడలోని హారం తీసి పేరయ్యకు వేశాడు. ఉలి మాత్రం తానే తీసి శిల్పి చేతికిచ్చాడు.